ఎదురు నడక

తడిసిన బెరడు వాసన. చెట్ల అవతల నది హోరు. ఇవతల కాలువ... చప్పుడు లేకుండా, గట్టును ఒరుసుకుంటూ.

ఆమె ముందు ఒక వీపు.

పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం ఉదయం అదే వీపు. బూడిద రంగు సంచి. సంచి పట్టీల కింద చెమట. తొమ్మిది కిలోమీటర్ల చుట్టుదారి — వెళ్ళేటప్పుడు కాలువ గట్టు, వచ్చేటప్పుడు నది ఒడ్డు, నడుమ అడవి. అతను ముందు, ఆమె వెనక. ఎవరూ పెట్టిన నియమం కాదు. అలా అలవాటైపోయింది, అంతే.

ఈరోజు ఆ వీపును చూస్తుంటే ఆమెకు ఒళ్ళు మండిపోతోంది.

నిన్న లాబ్‌లో కేకు కోశారు.

ఆమె ఆసుపత్రి లాబ్‌లో టెక్నీషియన్. ఇరవై రెండేళ్ళుగా మైక్రోస్కోపు మీద వంగిన మెడ. ఎంత తోమినా గోళ్ళ అంచుల్లోంచి పోని, స్లైడ్లకు పట్టించే ఊదా రంగు. నెత్తుటి చుక్కలో నక్కిన జబ్బును ఆమె కన్ను పట్టుకున్నట్టు ఇంకో కన్ను పట్టుకోదని డాక్టర్లే అంటారు.

కేకు ఆమె కోసం కాదు. ఆమె దగ్గరే పని నేర్చుకున్న అమ్మాయి కోసం. నిమిషం నోరు మూయదని అందరూ పిచ్చుక అని పిలిచే అమ్మాయి. రైల్లో మూడు గంటల దూరంలో కొత్త లాబ్ తెరుస్తున్నారు. దానికి ఇన్‌ఛార్జిగా వెళ్తోంది.

పిచ్చుక ఆమెను వాటేసుకుంది. ఏడ్చింది. ఏడుస్తూనే అంది.

"ఒంట్లో బాగోలేదని మీరు వద్దన్నారట కదా మేడం... లేకపోతే ఇది మీదే. పెద్ద డాక్టరమ్మ ముందు మిమ్మల్నే అడుగుదామని ఇంటికి ఫోన్ చేశారట. మీవారు చెప్పారట, అంత దూరం రాలేరని."

కేకు ముక్క చేతిలోనే ఉండిపోయింది.

మూడు నెలల కిందటి మాట అది. ఆమె జీవితం గురించి ఎవరో అడిగారు. అతను జవాబు చెప్పాడు. ఫోను పెట్టేశాడు. ఆ సాయంత్రం ఆమె ఇంటికొస్తే టీ పెట్టి ఇచ్చాడు కూడా.

టీ!

నిన్న ఇంటికొచ్చి ఆమె ఏమీ అనలేదు. నోరు తెరిస్తే ఏం బయటికొస్తుందోనని ఆమెకే భయమేసింది. ఈ ఉదయం, రెండో కిలోమీటరు రాయి దగ్గర, అడిగింది. ఆ వీపునే అడిగింది.

"డాక్టరమ్మ మీకు ఫోన్ చేశారా?"

వీపు ఒక్క క్షణం బిగుసుకుంది. ఆగలేదు.

"చేశారు. నీ మంచికేగా వద్దన్నాను."

అతను కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఇంట్లో గొడవైనా సరే, అంకెలు వేసి చెప్పాల్సిందే. చెయ్యి గాల్లోకి లేచింది. ఒక వేలు విచ్చుకుంది.

"ఒకటి. రానూపోనూ ఆరు గంటలు. నీ నడుం సంగతి నీకు తెలీదూ? రెండు. పోనీ అక్కడే గది తీసుకుని ఉంటావా, ఈ వయసులో, ఒక్కదానివీ? ఇల్లెవరు చూస్తారు?"

గొంతులో తడబాటు లేదు. నడకలో తేడా లేదు. వెనక్కి తిరిగి చూడలేదు. చూడాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు... వెనక ఆమె ఉంటుంది కదా.

ఆమె ఆగిపోయింది.

"మూడు..." అంటూ అతను మలుపు తిరిగాడు. వీపు చెట్లలో కలిసిపోయింది. గొంతు కాసేపు వినిపించింది. తర్వాత అదీ లేదు.

ఆమె చూసింది. వస్తాడేమో. ఒక ఆకు రాలింది. ఇంకొకటి రాలింది.

రాలేదు.

ఆమె వెనక్కి తిరిగింది.

నడక కాదది. నేలను తన్నడం. అడ్డొచ్చిన కొమ్మను విరిచి కాలువలోకి గిరవాటేసింది. చాల్లేదు. ఒక రాయి తీసి విసిరింది. రాయి బుడుంగుమంది, నీళ్ళు మళ్ళీ సర్దుకున్నాయి — ఆ సర్దుకోవడం చూసి ఇంకా కోపమొచ్చింది. ఇంకో రాయి. ఇంకోటి. భుజం నొప్పి పుట్టేదాకా.

లాకుల దగ్గర ఒకాయన పొడవాటి కొక్కెంతో గేటుకు అడ్డంపడ్డ చెత్త లాగుతున్నాడు. లాకులు ఎత్తి దించే మనిషి. ప్రతి ఆదివారం వాళ్ళను చూస్తాడు, తలూపుతాడు.

"అదేంటమ్మా, ఇందాకేగా వెళ్ళారు! సార్ ఏరి?"

"ముందున్నారు."

లాకులాయన ఆమె వచ్చిన వైపు చూశాడు. ఆమె వెళ్తున్న వైపు చూశాడు. ఆమె మొహంలో ఏం కనబడిందో, గది అరుగు మీది నీళ్ళ సీసా తెచ్చి చేతికిచ్చాడు. అప్పుడు తెలిసింది ఆమెకు — గొంతు ఎండిపోయింది. నీళ్ళు భర్త సంచిలో ఉన్నాయి. కారు తాళం అతని జేబులో ఉంది. రెండు వైపులా నీళ్ళు పారుతున్న దారిలో, ఆమె దగ్గర గుక్కెడు నీళ్ళు లేవు.

గటగటా తాగింది.

"అటునుంచి చుట్టి రావాలంటే ఎక్కడం ఎక్కువమ్మా," అన్నాడు లాకులాయన. "అందుకే ఎవరూ అటు మొదలెట్టరు."

"ఎక్కుతాను," అంది.

దారి మొదట్లో ఆపి ఉంచిన కారు పక్కనుంచి పోయింది. ఆగలేదు. నది ఒడ్డు దారి పట్టింది.

నిజమే. అంతా ఎక్కడమే. చెట్ల వేళ్ళు మెట్లలా, బండలు మెట్లలా. పదకొండేళ్ళు దిగిన దారి ఎక్కుతుంటే కొత్త దారిలా ఉంది. ఊపిరి అందడం లేదు. కోపం మాత్రం అందుతోంది, అడుగడుక్కీ.

"ఆవిడకి చల్లటివి పడవండీ" — ఎవరింటికెళ్ళినా అతనే చెప్పేవాడు. పడతాయి. ఆమెకు చల్లటివి చక్కగా పడతాయి. "ఆవిడకి సినిమాలంటే ఇష్టం లేదు." ఎవరన్నారు? "ఆవిడకి కొత్త మనుషులంటే మొహమాటం." ఒక్కొక్క మాటే. నవ్వి ఊరుకుంది. అందరి ముందూ కాదనడం ఎందుకని ఊరుకుంది. తన నోరు తన మొహాన ఉండగానే, తన మాటలు ఇంకో నోట్లోంచి వస్తుంటే... వింటూ కూర్చుంది.

ఆ కోపం అతని మీద కాదు. ఆమె మీద ఆమెకే. అదే ఎక్కువ కాల్చింది.

నది కింద బండల మీద తల బాదుకుంటోంది.

అడవి చిక్కబడ్డ చోట ఒక వాగు వచ్చి నదిలో కలుస్తుంది. దాని మీద చెక్క వంతెన. ఒక మనిషి పట్టేంత వెడల్పు. ఆమె వంతెన సగానికి వచ్చేసరికి అవతలి గట్టున అతను కనబడ్డాడు.

మొదటిసారి ఈరోజు... మొహం.

"అదేంటి, ఎదురొస్తున్నావ్?" నవ్వబోయాడు. వంతెన మీదికి వచ్చాడు. "ఆనకట్ట దగ్గర వెనక్కి చూస్తే లేవు. అలిగి ఎక్కడో కూర్చున్నావులే, వచ్చేస్తావనుకున్నా."

ఆనకట్ట.

ఆనకట్ట అంటే ఐదో కిలోమీటరు. ఆమె ఆగింది రెండో రాయి దగ్గర. మూడు కిలోమీటర్లు, వెనక ఎవరూ లేరని తెలీకుండా నడిచాడు. తెలిశాక కూడా వెతుక్కుంటూ వెనక్కి రాలేదు.

"పద, ఆకలేస్తోంది. కాస్త జరుగు."

జరగలేదు.

"జరగవే... ఎవరో వస్తున్నారు."

నిజంగానే వస్తున్నారు. ఒక జంట, వాళ్ళ కుక్క. వంతెన అవతలే నిలబడ్డారు.

"డాక్టరమ్మకి ఫోన్ చెయ్యండి," అంది ఆమె.

"ఎందుకు?"

"నాకు జబ్బని మీరు అబద్ధం చెప్పారని చెప్పండి."

"ఇప్పుడా? ఆదివారం పూటా? ఆవిడేమనుకుంటుంది!"

"నేనేమనుకుంటానో మూడు నెలల కింద అడిగారా?"

"ఆ అమ్మాయి వెళ్ళిపోతోంది కదా. ఇప్పుడు చెప్తే ఏం లాభం?" గొంతు తగ్గించాడు. "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. జనం చూస్తున్నారు."

"చూడనీ."

అతను ఆమె భుజం పక్కనుంచి దూరబోయాడు. ఆమె రెండు చేతులతో రెండు వైపులా చెక్క కమ్మీలు పట్టుకుంది. ఊదా రంగు గోళ్ళు చెక్కలోకి దిగాయి. లోపలెక్కడో, ఇరవై ఆరేళ్ళుగా మడిచి పెట్టిన మాట ఒకటి లేచింది. మెడ దాకా వచ్చింది. నాలుక మీదికి వచ్చింది. ఈసారి ఆమె మింగలేదు.

"నువ్వు చెయ్యి."

అతను గతుక్కుమన్నాడు.

పెళ్ళయిన నాటినుంచి "మీరు". కోపంలో మీరు. జ్వరంలో మీరు. పురిటి నొప్పుల్లో అరుస్తూ కూడా మీరు.

"ఏమన్నావ్?"

"నువ్వు చెప్పిన అబద్ధం. నువ్వే చెప్పు. స్పీకర్లో పెట్టు, నేను వినాలి."

ఒకటి లేదు. రెండు లేదు. వేళ్ళు విచ్చుకోలేదు. అవే వేళ్ళు జేబులోంచి ఫోను తీశాయి. నంబరు వెతికాయి.

ఆమెకు తెలుసు. పిచ్చుక వెళ్తుంది. వెళ్ళాలి కూడా, ఆ పిల్ల పనిమంతురాలు. పోయింది తిరిగి రాదు. ఈ ఫోనుతో ఏమీ మారదు. మారకపోయినా సరే. మొహంలో మొహం పెట్టి వినాలి.

రింగవుతోంది.

కింద వాగు ఉరుకుతోంది. అవతల కుక్క గొలుసు లాగుతోంది. ఆ జంట చెట్లవైపు చూస్తున్నట్టు నటిస్తున్నారు.

రింగవుతోంది...

"హలో, చెప్పండి సార్!" డాక్టరమ్మ గొంతు. ఆత్రంగా, ఆప్యాయంగా. "నేనే చేద్దామనుకుంటున్నా. ఆవిడనే అడుగుదామంటే నొచ్చుకుంటారని మీరు వద్దన్నారు కదా... ఇంతకీ ఎలా ఉందండీ మేడంకి? ఏమన్నా నయమేనా?"

అతను ఆమె వైపు చూశాడు. నువ్వు చెప్పవా, అన్నట్టు.

ఆమె కమ్మీలు వదల్లేదు. కళ్ళు తిప్పలేదు. పెదవి విప్పలేదు.

"హలో? సార్... ఉన్నారా?"