నాలుగో డోసు

అమలమ్మ ఒకదానిమీద ఒకటి రెండు జతల గ్లౌజులు వేసుకుని, కీమో వార్డు బాత్రూములో కమోడు మూత మూసి రెండోసారి నీళ్ళు వదిలింది. ఎర్ర మందు ఎక్కించినవాళ్ళకి మూత్రం ఎర్రగా వస్తుంది. రెండు రోజులపాటు అందులోనూ, వాంతిలోనూ మందు ఉంటుంది. జాగ్రత్తలన్నీ గోడ మేకుకి వేలాడే అట్ట మీద రాసే ఉన్నాయి. వాటిని పాటించేది చదువురాని అమలమ్మ ఒక్కతే. చదువుకున్నవాళ్ళు ఆ మేకుకి చొక్కాలు తగిలిస్తారు.

పందొమ్మిదేళ్ళుగా కొండపల్లి నుంచి రైల్లో ఈ బెజవాడ ఆసుపత్రికి వస్తోంది. ఫినాయిలుకి వేళ్ళు పాలిపోయి, గోళ్ళ అంచులు పగిలాయి. కొడుకు పెళ్ళిలో వియ్యపురాలు ఆమె అందించిన మంచినీళ్ళు తాగకుండా పక్కన పెట్టింది.

ఈ రోజు పామర్రు రావమ్మగారి నాలుగో డోసు. మొదటి డోసుకి జుట్టు రాలింది. రెండోదానికి నోరు పూసింది. మూడో డోసునాడు సూది దగ్గర మంటంటే, "ఓర్చుకో" అన్నాడు ఆమె భర్త, రైసుమిల్లు యజమాని వెంకటకృష్ణారావు, ఫోన్లోంచి తలెత్తకుండా. మందు నరం దాటితే కండ కాలుతుంది. అమలమ్మే పరుగెత్తి నర్సుని తెచ్చింది.

ఆ రోజు వాళ్ళు వెళ్ళేటప్పుడు అమలమ్మ చెప్పింది కూడా. "అమ్మగారూ, వారం పదిరోజులకి రక్తంలో బలం పడిపోద్ది. జొరమొస్తే తెల్లారేదాకా ఆగమాకండి. వచ్చెయ్యండి."

వెంకటకృష్ణారావు నవ్వాడు. "బాత్రూములు కడిగేదానివి, డాక్టరెప్పుడయ్యావే?"

"మళ్ళీ చెప్పు అమలమ్మా" అంది రావమ్మ.

ఇవాళ పదింటికి అమలమ్మ రావమ్మగారి మంచం మీద దుప్పటి మార్చింది. పదకొండున్నరకి వెంకటకృష్ణారావు ఒక్కడే వచ్చాడు, ఏదో కాగితం మీద డాక్టరు సంతకానికి.

"అమ్మగారు రాలేదాండీ?"

"పోయింది. మొన్న పెద్దకర్మ కూడా అయిపోయింది."

"జొరమొచ్చిందాండీ?"

"ఏదో, కాస్త ఒళ్ళు వెచ్చబడిందిలే. ఆ రోజు అమావాస్య. ప్రయాణం వద్దన్నాడు మా సిద్ధాంతి. తెల్లారి బయల్దేరదామనుకుంటే..." వాచీ చూసుకున్నాడు.

ఏసీ కారు, ఇద్దరు డ్రైవర్లు ఉన్న మనిషి. బెజవాడకి గంటన్నర దారి. ఆకాశంలో చంద్రుడు లేడని ఆగాడు.

అమలమ్మ అనాల్సింది ఒకసారి అనేసింది, ఆయన నవ్వేశాడు.

వెళుతూ వెళుతూ మంచం మీద ఒక కవరు పడేశాడు. "మిగిలిన మందులు. మీ పేదోళ్ళకెవరికైనా పనికొస్తాయి."

గ్లౌజులు తీసేసి, చేతులు కడుక్కుని వచ్చి కవరు విప్పింది. నోటిపూత మందు సీసా, వాంతి బిళ్ళలు, మీట నొక్కే థర్మామీటరు. చివరిసారి కొలిచిన జ్వరాన్ని చూపించే రకం అది. అమలమ్మకి అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. మీట నొక్కింది.

చిన్న గాజు కిటికీలో 103.6 కనిపించి, కాసేపు నిలిచి, చెరిగిపోయింది.