రెండు ఎడమ చేతుల కోటు

పొద్దున ఆరింటికల్లా అత్తగారు ఇల్లు ఊడవడం మొదలుపెట్టేది. ముందు పడకగది, తర్వాత హాలు, ఆఖరున వంటిల్లు. చీపురుతో పాటు నోరూ నడుస్తూనే ఉండేది.

"జరుగమ్మా, కాస్త. నీకూ విడిగా చెప్పాలా, బీరువా దగ్గర దానివి? మీరంతా ఇలా బాటకి అడ్డంగా నిలబడితే దుమ్ము ఎటు పోతుంది?"

వాళ్ళు జరిగేవాళ్ళు కారు. జరగరని ఆవిడకీ తెలుసు. అయినా ఒక మనిషి చుట్టూ పలకరించకుండా ఊడవడం మర్యాద కాదని ఆవిడ పట్టింపు.

వాళ్ళంతా ఆవిడ కోడలే. అసలు కోడలు ఆ వేళకి వంటింట్లో టీ మరగబెడుతూ ఉండేది. ఏడు గళ్ళున్న ప్లాస్టిక్ డబ్బాలోంచి ఆ రోజు గడి తెరిచి, తెల్ల బిళ్ళ ఒకటి నాలుక మీద పెట్టుకుని, గ్లాసుడు నీళ్ళు తాగి, టైలరు షాపుకి బయల్దేరేది. బజార్లో ఆమెని కొలతలమ్మ అంటారు. ఎవరి ఒంటి కొలతలైనా ఒక్కసారి టేపు పెట్టి చూస్తే చాలు, కాగితం అక్కర్లేదు. పదేళ్ళ తర్వాత వచ్చినా, "మీ కుడి భుజం ఎడమ దానికంటే అరంగుళం కిందికి ఉంటుంది కదూ" అనేది.

ఇప్పుడు ఆ నిలబడ్డవాళ్ళ సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. మనమందరం ఏదో పని మీద ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తాం. వెళ్ళి, ఇంతకీ ఎందుకొచ్చానా అని నిలబడతాం. ఎంతకీ తట్టకపోతే వెనక్కి వచ్చేస్తాం. కొలతలమ్మ కూడా అలాగే వెనక్కి వచ్చేసేది. కాకపోతే, ఆ పని కోసం వెళ్ళిన మనిషి అక్కడే నిలబడిపోయేది. ఆ రోజు కట్టుకున్న చీర, ఆ రోజు వేసుకున్న జడ, ఆ పనికోసం చాచిన చెయ్యి. మాటా పలుకూ ఉండదు. నీడలాంటిదనుకుంటే పొరపాటు. తగిలితే భుజం నొప్పి పుట్టేది. కొలతలమ్మ భర్త సిటీ బస్సు డ్రైవరు. ఓసారి స్నానం చేసొచ్చి తడి తువ్వాలు వాళ్ళలో ఒకరి చేతి మీద ఆరేసి, అత్తగారి చేత చివాట్లు తిన్నాడు.

"ఆ చెయ్యి చూడమ్మా. గరిటె కోసమే వచ్చుంటుంది," అనేవాడతను, భోజనం చేస్తూ.

"గరిటె కోసం బీరువా దగ్గరికెందుకు పోతుందిరా? దువ్వెన అయ్యుంటుంది."

"ఇదిగో, ఈ వంటింటి కిటికీ దగ్గరావిడ? బొటనవేలూ చూపుడువేలూ కలిపి పైకి పట్టుకుంది. చిటికెడు ఉప్పు."

"అంత పైనుంచి ఉప్పు వేస్తే ముక్కులో పడుతుంది."

కొలతలమ్మ కూడా నవ్వేది. వాళ్ళు సరిగ్గా చెప్పినా లాభం ఉండేది కాదు. ఇంకొకరు గుర్తుచేస్తే కుదరదు, ఆమెకి ఆమే తట్టాలి. అలా తట్టిన మరుక్షణం నిలబడ్డ మనిషి నడిచొచ్చి ఆమెలో కలిసిపోయేది. కానీ తట్టడం అరుదైపోయింది. పక్కింటావిడ ఓసారి వచ్చి, గడపలో నిలబడి, "ఇంతకీ వీళ్ళలో నేనెవరితో మాట్లాడాలి?" అనడిగింది. "టీ కప్పు పట్టుకున్నావిడతో," అంది అత్తగారు. పక్కింటావిడ అలాగే మాట్లాడి వెళ్ళిపోయింది.

మొత్తం పదిహేడుమంది. వాళ్ళలో పదహారుమంది గురించి ఇలా నవ్వుకోవచ్చు.

మొదటావిడ గురించి ఎవరూ ఏమీ అనేవాళ్ళు కారు.

ఆమె మేడమెట్ల చివర, డాబా తలుపు దగ్గర నిలబడి ఉండేది. ముఖం తలుపు వైపు. కుడిచెయ్యి పైకెత్తి గడియ మీద వేసి ఉంచింది. బిళ్ళలు మొదలుపెట్టి అప్పటికి పది రోజులే. అంతకుముందు నాలుగు నెలలు కొలతలమ్మ మంచం దిగలేదు. కారణం ఇదీ అని వేలుపెట్టి చూపించడానికేమీ లేదు. ఒళ్ళంతా తడిసిన గోనెసంచిలా అయిపోయిందని మాత్రం అనేది. బిళ్ళ ఇంకా సరిగా పట్టని ఆ రోజుల్లో, ఒక మధ్యాహ్నం, చేతిలో బట్టల బకెట్టు లేకుండా మెట్లెక్కింది. గడియ మీద చెయ్యి వేసి, ఎందుకొచ్చానా అనుకుంది. తట్టలేదు. దిగొచ్చి, "అత్తయ్యా, ఆకలేస్తోంది" అంది. నాలుగు నెలల్లో ఆ మాట అనడం అదే మొదలు.

అత్తగారు అన్నం పెట్టి, పైకి వెళ్ళి చూసొచ్చింది. ఆ రోజునుంచి బట్టలు డాబా మీద కాకుండా వరండాలోనే ఆరేస్తోంది. అక్కడ ఎండ రాదు. ఇంటిల్లిపాదీ ముక్కిన వాసనేసే బట్టలే కట్టుకుంటున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. గాలి గట్టిగా వీచిన రోజు పైనుంచి గడియ కదిలిన చప్పుడు వచ్చేది. అప్పుడు ముగ్గురూ తింటున్న ముద్ద ఆపి, మళ్ళీ తినేవాళ్ళు.

షాపులో సంగతి వేరు. అక్కడ మతిమరుపుకి ఎవరూ నవ్వరు.

ఒక ప్లీడరుగారు నల్లకోటు కుట్టమని గుడ్డ ఇచ్చాడు. కోటు పని మొదటినుంచీ చివరిదాకా కొలతలమ్మదే. కత్తిరించింది, కుట్టింది, ఇస్త్రీ చేసింది. ప్లీడరుగారు అద్దం ముందు తొడుక్కున్నాడు. ఎడమచెయ్యి హాయిగా దూరింది. కుడిచెయ్యి దూరింది గానీ, ఎత్తబోతే ఎవరో వెనక్కి లాగుతున్నట్టు సగంలోనే ఆగి కిందికి జారిపోయింది.

"ఇదేం కోటమ్మా? జడ్జిగారి ముందు చెయ్యెత్తి రెండు ముక్కలు చెప్పుకోవద్దా నేను?"

టైలరు మాస్టారు కళ్ళజోడు సవరించుకుని కోటుచేతులు తిప్పి చూశాడు. కోటుచెయ్యి తిన్నని గొట్టం కాదు. మన చెయ్యిలాగే ముందుకి ఒంపు తిరిగి ఉంటుంది. అందుకే ఒక చెయ్యి కత్తిరించాక, కాగితపు అచ్చుని బోర్లా తిప్పి రెండోది కత్తిరించాలి. పని నేర్చుకునే మొదటి వారంలో చెప్పే పాఠం. కొలతలమ్మ అచ్చు తిప్పడం మరిచిపోయింది. రెండు చేతులూ ఎడమవే.

"కత్తిరించేప్పుడు మరిచిపోయావు సరే," అన్నాడు మాస్టారు, ప్లీడరుగారు వెళ్ళాక. "కుట్టేప్పుడు? ఇస్త్రీ చేసేప్పుడు? ఇరవై రెండేళ్ళుగా నీ పని చూస్తున్నాను. నాకు కోపంగా లేదు, భయంగా ఉంది."

"ఇంకోసారి జరగదు మాస్టారూ."

"జరిగితే కత్తెర బల్ల మీద పెట్టి, గుండీలు కుట్టుకుంటూ కూర్చో. అంతకంటే నేనేం చెయ్యలేను." కోటు మడిచి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది తీసుకెళ్ళు. ఇక్కడుంటే నాకు నిద్ర పట్టదు."

ఆమె ఆ కోటు తెచ్చి హాల్లో తలుపు వెనక మేకుకి తగిలించింది. ఈ మరుపంతా బిళ్ళల వల్లేనని, వాటిని మానెయ్యాలని ఆ రాత్రే నిర్ణయించుకుంది. డాక్టరమ్మని అడగలేదు. ప్రతిసారీ డాక్టరమ్మ "నిద్ర పడుతోందా? ఆకలేస్తోందా?" అని అడిగేది, ఈమె తలూపేది. మరుపు సంగతి ఆవిడ అడగలేదు, ఈమె చెప్పలేదు. చెబితే మందు పెంచుతారేమోనని భయం. మర్నాటినుంచి తెల్ల బిళ్ళ నాలుక దాకా వెళ్ళి, నీళ్ళు తాగినట్టు నటించాక, గుండీల డబ్బాలోకి చేరేది.

వారం తిరక్కుండానే నిలబడ్డవాళ్ళు కదలడం మొదలైంది.

"సూది! సూది కోసం వెళ్ళాను," అని ఓ సాయంత్రం కొలతలమ్మ అరిచింది. బీరువా దగ్గరావిడ నడిచొచ్చి ఆమెలో కలిసిపోయింది. మర్నాడు ఇద్దరు. ఆ మర్నాడు నలుగురు. భర్త వేళ్ళ మీద లెక్కపెడుతూ సంబరపడ్డాడు.

"ఇల్లు ఎంత విశాలంగా ఉందో చూశావా అమ్మా!"

అత్తగారు సంబరపడలేదు. ఆవిడ వేరే లెక్కలు చూస్తోంది. కోడలు కంచంలో అన్నం కెలికి వదిలేస్తోంది. తల తిప్పితే బుర్రలో కరెంటు కొట్టినట్టుంటోందని గోడ పట్టుకుంటోంది. రెండు రోజులుగా జడ వేసుకోలేదు. గుండీ తెగిందని డబ్బా తెరిస్తే, గుండీల మధ్య పదమూడు తెల్ల బిళ్ళలు కనబడ్డాయి.

ఆవిడకి అంతా అర్థమైంది. మరిచిపోయినవి ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. వంటింటి కిటికీ దగ్గరావిడ ఒక్కతే మిగిలింది. ఆమె కూడా వెళ్ళిపోతే, ఆ తర్వాత గుర్తొచ్చేది పైనున్నావిడే.

అడ్డుపడదామంటే ఎలా? "ఆ తలుపు దగ్గరికి నువ్వెందుకు వెళ్ళావో గుర్తు తెచ్చుకోకు" అని ఏ నోటితో చెబుతుంది? చెప్పడమంటే ఆమె ఆలోచనని అటు తిప్పడమే. ఆవిడ డబ్బా మూత పెట్టేసింది. సాయంత్రం కొడుకు డ్యూటీ దిగి రాగానే ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలనుకుంది.

సాయంత్రం దాకా వ్యవధి లేకపోయింది.

మధ్యాహ్నం ఒంటిగంటన్నర. అత్తగారికి శుక్లాల ఆపరేషన్ జరిగి మూడు వారాలైంది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని హాల్లో కూర్చుని ఉంది. షాపుకి వెళ్ళకుండా ఇంట్లోనే ఉండిపోయిన కోడలు ఉన్నట్టుండి లేచింది.

"ఎక్కడికమ్మాయ్?"

"పైన... ఏదో పని మీద వెళ్ళాను అత్తయ్యా, ఎప్పుడో. నాలుక చివరిదాకా వచ్చింది. వెళ్ళి చూస్తే గుర్తొస్తుంది."

చేతిలో బట్టల బకెట్టు లేదు.

అత్తగారు గభాలున లేచి, తడుముకుంటూ మెట్ల వైపు వెళ్ళబోయింది. తలుపు వెనక చేతికి బరువుగా ఏదో తగిలింది. నల్లకోటు. ఆవిడ దాన్ని మేకు మీదనుంచి తీసుకుని, ఒక్కో మెట్టూ కాలితో వెతుక్కుంటూ ఎక్కింది.

పైనుంచి మూడో మెట్టు మీద కోడలు ఆగి ఉంది. తలుపు దగ్గరున్నావిడ, ఎనిమిది నెలలుగా ముఖం చూపించనావిడ, మెల్లగా తల ఇటు తిప్పుతోంది. చెంప కనబడుతోంది. గడియ మీద వేళ్ళు బిగుసుకున్నాయి. గడియ అంగుళం మేర జరిగింది. కోడలి పెదవులు ఏదో మాట పలకబోతున్నట్టు విడివడ్డాయి.

"అమ్మాయ్," అంది అత్తగారు ఆయాసపడుతూ. "చలిలో ఎన్నాళ్ళనుంచి నిలబడిందో ఏమో. దానికీ కోటు తొడుగు."

కోడలు వెనక్కి తిరిగి కోటు వైపు చూసింది. ఇరవై రెండేళ్ళుగా మనుషులకి బట్టలు తొడిగి చూసిన చేతులు. కోటు కనబడితే చాలు, అవి మనసుని అడగవు. భుజాల దగ్గర పట్టుకుని విదిల్చింది. నిలబడ్డావిడ ఎడమచేతిని ఒకదాంట్లో దూర్చింది. తర్వాత, ట్రయల్‌కొచ్చిన మనిషితో అన్నట్టే, "చెయ్యి కాస్త దించండి" అని, గడియ మీదనుంచి కుడిచెయ్యి విడిపించి రెండో దాంట్లో దూర్చింది. ముందుకొచ్చి గుండీలు పెట్టింది. మెడ దగ్గర ముడత సరిచేసింది. భుజం మీద దారప్పోగు తీసింది. అంతసేపూ ఆ ముఖం తన ముఖానికి జానెడు దూరంలోనే ఉంది. చూసింది. చాలా అలిసిపోయిన ముఖం, అంతే.

ఆవిడ చెయ్యి మళ్ళీ గడియ కోసం లేవబోయింది. సగందాకా లేచింది. ఎవరో వెనక్కి లాగినట్టు ఆగి, ఒంటి పక్కకి జారిపోయింది. ఇంకోసారి లేవబోయింది. జారిపోయింది. మూడోసారి లేవలేదు.

"రెండూ ఎడమవే అత్తయ్యా," అంది కోడలు. నాలుక చివరిదాకా వచ్చిన మాట ఎటో వెళ్ళిపోయింది. అది వెళ్ళిన చోట ఇంకోటి తట్టింది. "అయ్యో, రెండవుతోంది! మీ కంట్లో చుక్కలు వెయ్యాలి!"

కింద వంటింట్లో కిటికీ దగ్గర, చుక్కల సీసా నొక్కడానికి వేళ్ళు పైకి పట్టుకున్నావిడ కదిలి, మెట్ల దాకా నడిచొచ్చి, దిగి వస్తున్న కోడల్లో కలిసిపోయింది.

అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, తల వెనక్కి వాల్చి, చుక్క వేసింది కోడలు. చుక్క కంట్లోంచి పొంగి చెంప మీదికి జారింది. ఆగకుండా జారుతూనే ఉంది.

"ఒక్క చుక్కే కదా వేశాను," అంది కోడలు.

"ఒక్కటే వేశావు."

"అత్తయ్యా, నేను బిళ్ళలు మానేశాను."

"తెలుసు. గుండీల డబ్బా చూశాను. కట్టుకో చీర, వెళ్దాం."

డాక్టరమ్మ అంతా విని, "మొత్తం ఎంతమంది నిలబడ్డారు?" అనడిగింది. పదిహేడు అని కాగితం మీద రాసుకుంది. "ఈ మరుపు మందు వల్ల కావచ్చు, జబ్బు వల్ల కావచ్చు, రెండూ కలిసీ కావచ్చు. మందు మార్చి చూద్దాం, మెల్లమెల్లగా. మీ అంతట మీరు మాత్రం మానకండి. నేనూ మరుపు సంగతి అడక్కపోవడం తప్పే." మందుచీటీ చేతికిస్తూ అంది, "మళ్ళీ ఎవరైనా నిలబడితే ఒక్కొక్కరినీ వెనక్కి తెచ్చుకుందాం. మేడ మీద ఆవిణ్ణి మాత్రం తొందరపెట్టొద్దు. అక్కడే ఉండనివ్వండి."

కొత్త బిళ్ళ పసుపురంగుది. ఇప్పటికీ నెలకి ఇద్దరో ముగ్గురో నిలబడుతూనే ఉంటారు. కొలతలమ్మ ఇప్పుడు కొలతలు పుస్తకంలో రాసుకుంటోంది. మొదట్లో సిగ్గుపడింది, తర్వాత అలవాటైంది. కోటుచేతులు కత్తిరించేముందు గుడ్డ మీద సుద్దతో ఒకదానికి 'ఎ', రెండోదానికి 'కు' అని రాస్తుంది. కత్తెర ఆమె దగ్గరే ఉంది.

వానలు వెలిసి, మొదటి ఎండ కాసిన రోజు. ఉతికిన బట్టల బకెట్టు ఎత్తుకుని కొలతలమ్మ మెట్ల దగ్గరికి వెళ్ళింది. వెనకే అత్తగారు, చేతిలో బట్టల క్లిప్పులతో. మెట్ల చివర నల్లకోటావిడ తలుపుకి అడ్డంగా నిలబడి ఉంది, చేతులు కిందికి వదిలేసి.

"జరుగమ్మా, కాస్త," అంది అత్తగారు అలవాటు కొద్దీ.

ఆవిడ జరిగింది.

కొలతలమ్మ బకెట్టు నడుముకి ఆనించుకుని, గడియ తీసి, బట్టలారెయ్యడానికి ఎండలోకి వెళ్ళింది.