జలపాతం చూసొచ్చిన కోడలు

మా ఆయన సైదావలి శుక్రవారం సాయంత్రం పోయారు. శనివారం పొద్దున నేను టూరిస్టు బస్సులో, జలపాతం చూడబోతున్న వాళ్ళ మధ్య కూర్చుని ఉన్నాను. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చెబితే మా ఊరు కోటలో ఎవరికీ మింగుడు పడడం లేదు. జరిగింది వరసగా చెబుతాను.

నేను కోటలో హైస్కూల్లో తెలుగు పాఠాలు చెబుతాను. మా ఆయనది పరుపుల దుకాణం. గూడూరులో ప్రసాద్ అనే అతను బాలి దీవికి టూరు వేస్తే, పెళ్ళయిన ఇన్నేళ్ళకు మొదటిసారి దుకాణానికి తాళం వేసి బయలుదేరారు. మాతో వచ్చిన వాళ్ళలో వాకాడు దగ్గర రొయ్యల గుంటలున్న పోలేరయ్య, ఆయన భార్య చెంచమ్మ మాకు బాగా దగ్గరయ్యారు. పోలేరయ్య మా ఆయన్ని విమానంలోనే సాయిబూ అని పిలవడం మొదలుపెట్టాడు.

శుక్రవారం సాయంత్రం మమ్మల్ని దీవికి ఉత్తరాన ఒక బీచికి తీసుకుపోయారు. అక్కడ ఇసుక నల్లగా ఉంటుంది.

"ఏంది ప్రసాదూ, ఇసకకు మసి పూసి చూపిస్తా ఉండావా?" అన్నాడు పోలేరయ్య. "మా తూపిలిపాళెంలో తెల్లంగా, కాళ్ళకు మెత్తంగా ఉంటాది."

"అగ్నిపర్వతంలో నుంచి వచ్చిందన్నా ఇది. బూడిద మాదిరి."

"బూడిద చూసేదానికి ఇమానం ఎక్కించినావా నాయనా! మా ఇంట్లో పొయ్యి కింద కావాల్సినంత ఉండాదే."

మా ఆయన గట్టిగా నవ్వారు. నవ్వుతూనే ఇసుక తీసుకోవడానికి వంగి, అట్లాగే కూర్చుండిపోయారు.

"లెయ్యి సాయిబూ, అలొస్తా ఉండాది, గుడ్డలు తడుస్తాయి" అని పోలేరయ్య కేకేశాడు.

అల వచ్చి నడుము దాకా తడిపి పోయింది. ఆయన లేవలేదు.

గుండె ఆగిందని అక్కడి చిన్నాసుపత్రిలో చెప్పారు. ఆయన దగ్గర నన్ను కాసేపు ఉండనిచ్చారు. తర్వాత ఆయన్ని అంబులెన్సులో దక్షిణాన ఉన్న పెద్దాసుపత్రికి పంపారు. అందులో నన్ను ఎక్కనివ్వలేదు. భాష తెలియని చోట నన్నొక్కదాన్నే టాక్సీలో పంపడానికి ప్రసాద్ ఒప్పుకోలేదు. మా బస్సు కూడా ఆ ఊరికే పోవాలి. కాకపోతే జలపాతం మీదుగా పోవాలి.

భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ముగిసేదాకా ఇల్లు దాటకూడదని మాలో నియమం. ఆ రోజు నాకు ఇల్లంటే డ్రైవరు వెనకున్న కిటికీ సీటు. పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు. వెనక ఒకావిడ జంతికల పొట్లం విప్పింది, కాగితం చప్పుడుకు ఆమే సిగ్గుపడి మళ్ళీ కట్టేసింది.

దారిలో ప్రసాద్ వచ్చి నా సీటు పక్కన నేల మీద గొంతుకూర్చున్నాడు.

"మేడమ్, ఇండియాకు తీసుకుపోవాలంటే వారం పడతాదంట, ఇంకా ఎక్కువ గూడా కావొచ్చు. దానికి... ఒంట్లో రగతం తీసేసి మందులు ఎక్కించాల. రూలంట. ఇక్కడే అంటే రేపే అయిపోతాది. సముద్రం ఒడ్డున ముస్లింల పల్లె ఉండాదంట, ఇమాంగారు సరేనన్నాడు. సాయంత్రానికి ఏదో ఒకటి చెప్పమంటా ఉండారు."

అతను ఇంకా అక్కడుండగానే మా మరిది ఆఫ్తాబ్ ఫోను వచ్చింది. "వదినా, అమ్మ మాట్లాడతాదంట" అని మా అత్త జైతూన్‌బీకి ఇచ్చాడు.

"షమీమా, వాణ్ణి తీసుకొనిరా. నాకు మొగం చూపించు. నేనేం ఎక్కువ అడగలా. వాళ్ళ నాయనది చూడనియ్యలా నన్ను. వీడిదన్నా చూపించు."

మా మామ కరోనాలో నెల్లూరు ఆసుపత్రిలో పోయారు. సంచిలో కట్టి, ఆ సంచిని ఫోన్లో చూపించి, వాళ్ళే తీసుకుపోయి పూడ్చారు. మా అత్త కళ్ళతో చూసింది దూరంగా నిలబెట్టిన వ్యాను ఒక్కటే.

"చూస్తానత్తా" అన్నాను. చూపిస్తానని అనలేదు. ఆమె ఆ తేడా గమనించిందో లేదో నాకు తెలియదు.

ఇంకో మాట కూడా నా దగ్గరుంది. కిందటేడు మా పెద్దత్త పోతే, ఆమె కొడుకులు దుబాయి నుంచి వచ్చేదాకా ఐసుపెట్టెలో పెట్టారు. చూసి ఇంటికొచ్చిన మా ఆయన అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలపలేదు. "నన్ను మాత్రం అట్టా పెట్టబాకండి. ఎవురొచ్చినా రాకపోయినా పొద్దు గుంకేలోగా మట్టి చెయ్యండి" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే.

జలపాతం దగ్గర బస్సు ఆగింది. అందరూ నా సీటు దాటేటప్పుడు తలొంచుకుని దిగారు. ఇంజను ఆపేసరికి లోపల ఉక్క పట్టింది. నీళ్ళు పడే చప్పుడు మాత్రం విడవకుండా వినిపిస్తోంది. మధ్యాహ్నం చేసే జొహర్ నమాజు వేళ దాటిపోతోంది. చెంచమ్మ నాతోనే ఉండిపోయింది.

"అక్కా, కాళ్ళూ చేతులు కడుక్కుని నమాజు చేసుకోవాలి" అన్నాను.

"దిగు తల్లీ, నేను పక్కనుంటా. ఎవురేమంటారు?" అని నా చెయ్యి పట్టుకుంది.

మెట్లు దిగి పోయాం. కొండ మీద నుంచి నీళ్ళు తెల్లగా పడుతున్నాయి. తుంపర మొహానికి కొడుతోంది. అది బాగుంది. బాగుందని నాకు తెలిసింది. మడుగు ఒడ్డున వంగి చేతులూ మొహమూ కాళ్ళూ కడుక్కుని వుజూ చేశాను. బస్సు వెనక తువ్వాలు పరిచి నమాజు చేసుకున్నాను. లేచి ప్రసాద్‌తో, "ఇక్కడే చేద్దాం" అని చెప్పాను.

అత్తకు నేనే ఫోను చేశాను. ఆయన అన్న మాట చెప్పాను. మందులెక్కించే సంగతి కూడా చెప్పాను.

"వాడు నీతో అన్నాడా? నాతో అన్లేదే" అంది. మళ్ళీ, "కన్నది నేను. నువ్వెవురు చెప్పేదానికి?" అంది.

ఆమే ఫోను పెట్టేసింది.

మర్నాడు టూరులో పక్షుల పార్కు ఉంది. పొద్దున బస్సు దగ్గర మగవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు.

"పక్షుల్ని నేలపట్టులో చూసీ చూసీ కళ్ళు కాయలు కాసినాయిరా. సాయిబుకు భుజం ఎవురిస్తారు? నేను బోతా ఉండా, వచ్చేవాళ్ళు రాండి" అని పోలేరయ్య బస్సు దిగేశాడు. అతని వెనక మిగతా మగవాళ్ళూ దిగారు. ఆడవాళ్ళనూ పిల్లలనూ తీసుకుని బస్సు పార్కుకు పోయింది. చెంచమ్మ పోలేదు.

ఆయన్ని మోసుకుపోయేటప్పుడు ఆ పల్లెవాళ్ళు ముందు నడిచారు. వెనక కాళ్ళ దగ్గర పోలేరయ్య, ప్రసాద్ పట్టారు. చెంచమ్మా నేనూ శ్మశానం గోడ అవతల నిలబడ్డాం. అంతకుముందే, కఫను గుడ్డ కట్టబోయేటప్పుడు ఆఫ్తాబ్‌కు వీడియో కాల్ చేసి, ఫోను ప్రసాద్ చేతికిచ్చాను. తర్వాత ఆఫ్తాబ్ చెప్పాడు: అమ్మ గోడవైపు తిరిగి పడుకుందట. ఎంత బతిమాలినా ఇటు తిరగలేదట. "ఫోన్లో చూపించేది మొగమా? మీ నాయన్ని గూడా ఫోన్లోనే చూపించినారు, సంచీని" అందట.

నేను కోటకు తిరిగివచ్చి ఇద్దత్‌లో కూర్చున్నాను. ఆ గదిలోనే ఆ పక్క మంచం మీద మా అత్త. అన్నం నేను పెడితే తినేది. నాతో మాట్లాడేది కాదు. పరామర్శకు వచ్చినవాళ్ళు ఆమెతో ఏడ్చి, నావైపు చూసి లేచిపోయేవారు. ఎందుకు అట్లా చూస్తున్నారో, ఎదురింటి జబీనా వచ్చిన రోజు తెలిసింది.

"నేనేం అనడంలేదు షమీమక్కా. ఊళ్ళో అంటా ఉండారు కాబట్టి చెప్తా ఉండా" అని ఫోను తీసింది. "మొగుడు ఆసుపత్రిలో ఉంటే పెళ్ళాం జలపాతం చూసిందంట అని."

టూరులో ఎవరో పెట్టిన ఫోటో. ముందు ఇద్దరు పిల్లలు వేళ్ళు చూపిస్తూ నవ్వుతున్నారు. వాళ్ళ వెనక నేను, మడుగులోకి వంగి, రెండు చేతులూ నీళ్ళలో పెట్టి ఉన్నాను. చూసేవాళ్ళకు నీళ్ళతో ఆడుకుంటున్నట్టే ఉంటుంది.

వుజూ అని చెప్పవచ్చు. చెప్పలేదు. చెబితే జలపాతం చూడలేదని కూడా చెప్పవలసి వస్తుంది. చూశాను.

"అవును, అక్కడికి పోయాను" అన్నాను.

జబీనా టీ సగం తాగి వెళ్ళిపోయింది. మా అత్త అంతా వింది. తర్వాత మంచం మీద లేచి కూర్చుంది.

"అన్నీ చూసినావంట గదా" అంది. నేను వచ్చాక ఆమె నాతో అన్న మొదటి మాట అది. "అయితే వాడి మొగం ఎట్టుండిందో గూడా చెప్పు."

నిద్రపోతున్నట్టుందని అనడం తేలిక. అందరూ అనే మాటే. అట్లా లేదు.

"ఎడమ కన్ను పూర్తిగా మూతపడలేదత్తా. రెండుసార్లు మూశాను. మళ్ళీ కొంచెం తెరుచుకుంది. చెవి వెనక ఇసుక అంటుకుని ఉంటే తుడిచాను."

"నోరు?"

"తెరుచుకుని ఉంది. నా దుపట్టా అంచు చించి గడ్డం కింద నుంచి కట్టాను."

"గట్టిగా కట్టినావా?"

"గట్టిగానే కట్టాను."

"నొసలు ముడేసినాడా? కోపమొస్తే వేస్తాడే, అట్టా?"

"లేదు. నొసలు సాఫుగా ఉంది. పెదాలు నల్లబడ్డాయి. ఆ రోజు పొద్దున గీసుకున్న గడ్డం అప్పటికే కొంచెం గరుకుగా తగిలింది."

ఆమె అరచెయ్యి తెరిచి తన చెంప మీద పెట్టుకుంది. మెల్లగా గడ్డం దాకా జరిపింది. నేను ఇంకా చెప్పాను. చెవులు, మెడ, జుట్టులో ఆరిన ఉప్పు. తెలిసినంతే చెప్పాను. తెలియనిది అడిగినప్పుడు తెలియదన్నాను. ఆమె ఏడవలేదు. పాఠం వినే పిల్లలు కూడా అంత శ్రద్ధగా వినరు.

చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆమె మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంది.

"నేను నిన్ను మన్నించలా" అంది అటువైపు నుంచే. "రేపు మళ్ళా చెప్పు."