చెట్టు నీడకి సుద్దగీత

కోడలు నిచ్చెనెక్కి డాబాల మీద పని చేస్తుందంటే అత్తగారికి మొదట్లో తల కొట్టేసినట్టుండేది. ముప్పై ఏళ్లు కుట్టుమిషను తొక్కి కొడుకుని పెంచిన మనిషాయె. ఇప్పుడు చూపు ఆనక మిషను మూలన పెట్టి, సాయానికని కోడలి వెంట తిరుగుతోంది. తిరుగుతోంది కాబట్టే నోరు మూతపడింది. ఎండని కరెంటు చేసే పిల్లని పట్టుకుని ఏమని సణుగుతుంది పాపం!

ఈసారి ఊపిరితిత్తుల డాక్టరుగారి ఆస్పత్రి డాబా మీద పదహారు సోలార్ ప్లేట్లు పెట్టే పని. కరెంటు పోతే చాలు, కిటికీ కింద డీజిల్ జనరేటర్ గుర్రుమంటుంది. పొగంతా దగ్గుతో వచ్చినవాళ్ల గదిలోకే. ఇంతకన్నా విడ్డూరం ఉంటుందా? మధ్యాహ్నం మూడింటికి మీటరు నాలుగు కిలోవాట్లు చూపిస్తే పగలు జనరేటర్ ఆపేస్తానని డాక్టరుగారు మాటిచ్చారు. కోడలు సొంతంగా ఒప్పుకున్న మొదటి పని ఇది.

మూడయింది. మీటరు రెండు దగ్గరే చతికిలబడింది. పడమటి వైపున్న చెట్టు నీడ చివరి నాలుగు సోలార్ ప్లేట్ల మీదికి పాకింది.

"నాలుగింటి మీద నీడ పడితే పదహారూ నీరుగారిపోవడమేమిటే?" అంది అత్తగారు.

"అన్నీ ఒకే వరుసలో కలిపాను అత్తయ్యా. కరెంటు ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి పోవాలి. నీడలో ఉన్నవి మిగతావాటినీ వెనక్కి లాగుతాయి. తప్పు నాదే."

ఒక్క దారం బిగిస్తే కుట్టంతా ముడతలు పడ్డట్టు. అత్తగారికి ఇట్టే అర్థమైంది.

"చెట్టు కొట్టించేద్దాం, పీడా పోతుంది," అన్నారు మీటరు చూడ్డానికి డాబా ఎక్కిన డాక్టరుగారు.

కోడలి మొహం ఎర్రబడింది. "మీ పేషెంట్లు కూర్చునేది ఆ నీడలోనేగా సార్! అది పోతే గదులు ఉడికిపోతాయి. మా ప్లేట్లిచ్చే కరెంటంతా మీ ఏసీలే తాగేస్తాయి. రెండ్రోజులు ఆగండి."

"ఎల్లుండి మూడింటికి చూస్తా. కుదరకపోతే చెట్టూ ఉండదు, ఈ పనీ మీది కాదు," అని ఆయన దిగిపోయారు.

మర్నాడు అత్తగారు సంచిలోంచి గుడ్డల మీద గీసే సుద్ద తీసింది. నీడ కదిలినప్పుడల్లా వంగి దాని అంచు వెంట గీత గీసింది. నడుము పట్టేసింది, అరికాళ్లు చురచురలాడాయి, అయినా వదిలితేనా!

"చలికాలంలో సూర్యుడు ఇంకా కిందుగా ఉంటాడు అత్తయ్యా, నీడ సాగుతుంది," అంటూ కోడలు లెక్క కట్టి మరో గీత చూపించింది. అదీ గీసింది. ఆ గీత కూడా ఆ నాలుగు ప్లేట్లని దాటలేదు. వాటిలో రెండింటిని కోడలు తూర్పు గోడ పక్కకి మార్చింది. చోటు చాలని రెండింటికీ వేరే చిన్న ఇన్వర్టరు పెట్టి, వరుసలోంచి విడదీసింది.

మూడోరోజు మూడింటికి ముగ్గురూ మీటరు ముందు నిలబడ్డారు. కోడలు స్విచ్చు వేయగానే మీటరులో కిలోవాట్లు ఎక్కసాగాయి. మూడున్నర. నాలుగు. నాలుగున్నర! చెట్టు నీడ ఎప్పట్లాగే డాబా మీద పడింది, అంకె మాత్రం దిగలేదు. డాక్టరుగారు పిట్టగోడ మీంచి వంగి, జనరేటర్ మనిషికి తీగలు విప్పేయమని కేకేశారు.

"మీ అమ్మాయి గట్టిదేనండీ," అన్నారు ఇటు తిరిగి.

అత్తగారి ఛాతీ ఉబ్బిపోయింది. కింద చెట్టు నీడన కూర్చున్నవాళ్లంతా తలెత్తి చూసేంత గట్టిగా అంది.

"అమ్మాయి కాదండీ, కోడలు! కూతురైతే నేనే నేర్పానని గొప్పలు పోయేదాన్ని. ఈ పిల్ల దగ్గర నేనే నేర్చుకుంటున్నాను."