నేలకు సమంగా రెండు గడపలు

1938 మార్చి 14, సోమవారం, ఉదయం ఎనిమిదిన్నర గంటలకు రోశమ్మ మార్కాపురంలోని కొత్త ఇంట్లో వంటింటి నుంచి వీధి వాకిలి దాకా నడిచింది. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. ఆమెకు చూపు పోయి ఐదేళ్ళయింది.

ఇల్లు ఆమె కొడుకు యేసుబాబు కొన్నది. అతను పలకల కార్ఖానాలో పలకలకు కొయ్య చట్రాలు బిగిస్తాడు. భార్య కరుణమ్మ అక్కడే పలకలు కట్టలు కడుతుంది. చూపు ఉన్నన్నాళ్ళు రోశమ్మ కూడా ఆ కార్ఖానాలోనే పద్దెనిమిదేళ్ళు పలకలకు నునుపు పెట్టింది. తర్వాత కురిచేడులో కూతురు లీదియా దగ్గర ఉంది. కిందటి సెప్టెంబరులో అక్కడ వంటింటి గడప తగిలి పడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. జనవరిలో లీదియా భర్తకు రైల్వేలో బదిలీ ఉత్తరువు వచ్చింది. మార్చి నెలాఖరుకు పోవాలి. కొత్త చోట ఇచ్చేది ఒంటిగది.

అమ్మను తన దగ్గరికి రమ్మన్నాడు యేసుబాబు. రోశమ్మ ఒక షరతు పెట్టింది.

"పగలు నేనొక్కదాన్నే ఉండగలిగితే వస్తా. నాకోసం కరుణ పని మానుకోవాల్సొస్తే రాను."

మేస్త్రీ మాల్యాద్రి మిషను స్కూలు వెనక వరసగా నాలుగు మిద్దెలు కట్టి అమ్ముతున్నాడు. మూడు అమ్ముడుపోయాయి. లోపల ఏమేం కావాలో కొన్నవాళ్ళు ముందే చెప్పారు. ఒకరు దీపం గూడు కాక గోడలో ఇంకో నాలుగు గూళ్ళు అడిగారు. ఒకరు అటక అడిగారు. మూడో ఇంటి ఓబులమ్మ పొయ్యికి నేరుగా పైన గవాక్షి అడిగింది. పొగ దానిగుండా పోవాలి, వాన వస్తే మూయడానికి పైన బండ ఉండాలి. నాలుగోది కొన్న యేసుబాబు లోపలి రెండు వాకిళ్ళకూ గడపలు వద్దన్నాడు.

"గడప లేకుంటే అది వాకిలెట్లయితాది?" అన్నాడు మాల్యాద్రి.

"మా యమ్మ ఇంకోసారి పడితే లేవదన్నా."

"చట్రాలు బిగించేవాడివి, నీకు నేను చెప్పాల్నా? పలకకు మూడు పక్కలే కొయ్య కొట్టి బజారుకు పంపుతావా? కింద కొయ్య లేకుంటే నిలువు కొయ్యలు విచ్చుకుంటాయి."

"విచ్చుకుంటే నేను చూసుకుంటాలే."

"రేపు అమ్ముకోవాల్నంటే ఎవురు కొంటారు?"

"అమ్మను."

వీధి గడప మాత్రం తీసేది లేదన్నాడు మాల్యాద్రి. అది లేకపోతే వాన నీళ్ళు, తేళ్ళు లోపలికి వస్తాయి. యేసుబాబు ఒప్పుకున్నాడు. ఫిబ్రవరి ఆఖరుకు మూడు గదుల్లోనూ పలక బండలు పరిచారు. నేల అంతా ఒకే మట్టం.

మార్చి 5, శనివారం యేసుబాబు తల్లిని కురిచేడు నుంచి రైల్లో తీసుకొచ్చాడు. ఆమె ముందు గదిలో నిలబడి పాదంతో నేల రుద్దింది. "మన పలకే," అంది. తర్వాత నడిచింది. ఎక్కడా తగల్లేదు, పడలేదు. కొంతదూరం పోయి ఆగింది.

"యాడున్నా నేను?"

"నువ్వే చెప్పత్తా," అంది కరుణమ్మ.

"నడిమి గదిలో."

ఆమె వంటింట్లో ఉంది. పొయ్యి రెండడుగుల దూరంలో ఉంది. పొయ్యిలో నిప్పు ఉంది.

రెండోసారి నడిచినప్పుడు వాకిలి అనుకుని పోయి గోడకు నుదురు కొట్టుకుంది. మూడోసారి నడవలేదు.

"ఆడ గడప నన్ను పడేసినమాట నిజమే," అంది. "అయినా ఇక్కడికి వంటిల్లయిపోయిందని అదే చెప్పేది. ఈడ నాకు చెప్పేదేం లేదు. లీదియా కాడ దించిరా నాయనా. ఆ ఒంటిగదిలోనే పడుంటా."

"నేను పని మానుకుంటాలే అత్తా," అంది కరుణమ్మ.

"నువ్వు ఆ మాటంటావనే నేను రానన్నది."

మర్నాడు ఆదివారం. మందిరం నుంచి వచ్చాక యేసుబాబు ఓబులమ్మ మనవరాలి పలకకు ఊడిన చట్రం బిగించాడు. బిగించి తల్లి చేతికిచ్చాడు. ఆమె కార్ఖానాలో ఉన్నప్పుడు అతను బిగించిన పలకల అంచులు ఆమే తడిమి చూసేది. ఇప్పుడూ బొటనవేలితో అంచు తడిమింది.

"ఇక్కడిదాకా రాయి. ఇక్కడ్నించి కొయ్య," అంది. ఇంకోసారి తడిమింది. "ఒరే యేసూ, గడప పైకే లేవాల్నా? నేలలోకి దించగూడదా?"

"దించితే నీకెట్ల తెలుస్తాది?"

"రాయి చల్లగుంటాది, కొయ్య ఉండదు. కాలు పెడితే తెలుస్తాది."

సోమవారం మాల్యాద్రి వచ్చి విన్నాడు.

"ఈ మాట నెల కిందట చెప్పుంటే బండలు పీకే పని తప్పేది గదవ్వా," అన్నాడు.

"నెల కిందట మీరిద్దురూ నన్నడిగినారా?"

మాల్యాద్రి గునపం తీసుకున్నాడు.

రెండు వాకిళ్ళ దగ్గరా ఒక్కో వరస బండలు తీశాడు. నల్లమద్ది దూలపు ముక్కలు రెండు కోసి, నిలువు కొయ్యల అడుగులు వాటిలో బిగించి, నేలలో పాతాడు. నేల మీద అరచెయ్యి ఆడించి చూశాడు. కొయ్య లేచిన చోట రెండుసార్లు చిత్రిక పట్టాడు. "ఇప్పుడు నాలుగు పక్కలా కొయ్య ఉంది," అన్నాడు. పని శనివారం సాయంత్రానికి పూర్తయింది.

14న నడిచినప్పుడు రోశమ్మ మొదటి కొయ్య మీద ఆగింది. "ఇది వంటింటిది." రెండో దాని మీద ఆగింది. "ఇది ముందు గదిది." వీధి గడపను కాలి వేళ్ళతో తట్టింది. "దీన్ని మాత్రం దాటాల," అని దాటింది.

ఓబులమ్మ వీధిలో మాల్యాద్రి పక్కన నిలబడి చూసింది.

"మేస్త్రీ, మా ఇంట్లో కూడా దించుతావా? మా ఆయన దినామూ తగిలించుకుంటాడు."

"మీ ఆయన తాగొచ్చి తగిలించుకుంటే గడపదేం తప్పమ్మా?" అన్నాడు మాల్యాద్రి.

ముందు గదిలో ఉన్న కరుణమ్మ ఆమెను వంటింట్లోంచి చెంబుతో నీళ్ళు తెమ్మంది. రోశమ్మ పోయి తెచ్చింది. కరుణమ్మ తాగి చెంబు తిరిగి ఇచ్చింది. రోశమ్మ దాన్ని వంటింట్లో పెట్టి వచ్చింది.

తొమ్మిదికి యేసుబాబు, కరుణమ్మ బయటికి వచ్చారు. రోశమ్మ తలుపు మూసుకుంది. కరుణమ్మ లోపల గడియ పడేదాకా నిలబడి, తర్వాత కార్ఖానాకు పోయింది.

సాయంత్రం ఆరింటికి ఆమె తిరిగొచ్చి తలుపు తట్టింది. రోశమ్మ వచ్చి గడియ తీసింది.