పేరు రాయనక్కర్లేదు

మెడికల్ కాలేజీలో పిల్లలు మనసులోని బాధ చెప్పుకోవడానికి ఒక డబ్బా పెట్టారు. సరిగ్గా సీసీ కెమెరా కింద. "ఎవరూ పేరు రాయనక్కర్లేదు, రోల్ నంబరు వేస్తే చాలు" అన్నాడు ఆ చీటీలు చూసే కమిటీ పెద్ద కృష్ణకాంత్ సారు. డాక్టర్లను తయారుచేసే చోట ఆ మాత్రం తెలివి ఉండాలి మరి.

రెండో ఏడాది చదువుతున్న మనస్వినికి నెల రోజులుగా కంటిమీద కునుకు లేదు. పుస్తకం తెరిస్తే ఒక్క ముక్క తలకెక్కదు. ఎవరితోనూ చెప్పుకోకపోతే ఏమైపోతానోనని నిజంగానే భయం పుట్టింది. చీటీ రాసి డబ్బాలో వేసింది. "నిద్ర రావట్లేదు. బతకబుద్ధి కావట్లేదు. నాతో ఎవరైనా మాట్లాడండి. 61."

మాట్లాడారు. మర్నాడు హాజరు పిలుస్తూ అరవై ఒకటి దగ్గర సారు ఆగాడు.

"నువ్వేనా? నిలబడు. నిద్ర రాకుంటే చదువుకోవాలె. రేపు మీ నాయినను తోలుకరా."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. సాయంత్రానికల్లా రూమ్మేట్ వర్షిత పరుపు చుట్టుకుని పక్క గదికి మారిపోయింది.

తండ్రి అంజయ్య చిట్యాల దగ్గరి ఊరి నుంచి సంచెడు బత్తాయిలతో వచ్చాడు. సారు సంచిని బల్ల కిందికి జరిపి, కాగితం ముందుకు తోశాడు. బిడ్డకేమైనా అయితే కాలేజీకి సంబంధం లేదని అందులో ఉంది.

"నా బిడ్డకేమైతది సార్?"

"ఏం గాదు. అందుకే సంతకం పెట్టు."

అంజయ్య పెట్టాడు.

"నన్ను డాక్టరుకు చూపించండి సార్" అంది మనస్విని.

"నువ్వే డాక్టరువైతున్నవు గదమ్మా" అని సారు నవ్వాడు. సారు నవ్వాడు కాబట్టి అంజయ్యా నవ్వాడు. ఆ నవ్వుకు ఆమెకు ప్రాణం చచ్చినట్టయింది. "ఇప్పుడు బాగున్నాను" అని ఆమెతో రాయించుకున్నారు. ఈసారి మాత్రం పేరుతో సహా. కమిటీ లెక్కలో ఒకరికి నయమైంది.

మనస్విని తండ్రిని బస్సెక్కించడానికి బస్టాండు దాకా వెళ్లింది. బస్సెక్కే ముందు బిడ్డ చెయ్యి పట్టుకున్నాడు. ఇప్పుడైనా ఏమైందని అడుగుతాడేమో, అడిగితే అంతా చెప్పేయాలని ఆమె ఆశగా చూసింది.

"గీ ముచ్చట ఎవ్వలకు చెప్పకు బిడ్డా. మీ అమ్మకు చెప్పకు. నాకు సుత చెప్పకు. నేను ఇనలేను."

"సరే నాయినా" అంది మనస్విని.