ఆరు బోర్డులు, ఒక వేలిముద్ర

ఫిబ్రవరి పదిహేనులోపు నేను చెయ్యాల్సిన పనులు ఇవి:

రెండో ప్రపంచ యుద్ధం మీద ఆరు బోర్డులు రాయాలి. ఒక్కో బోర్డులో నూటయాభై మాటలు దాటకూడదు.
కోతా బారు తీరంలో జపాన్ సైన్యం ఏ గంటకు దిగిందో సరిచూడాలి. ఒక పుస్తకంలో ఒకలా ఉంది, ఇంకోదాంట్లో ఇంకోలా ఉంది.
మ్యాపు మీద బాణాలు ఎర్రరంగుతో గియ్యాలి.
బోర్డులు బ్రిక్‌ఫీల్డ్స్ చేర్చడానికి ఎవరిదైనా వ్యాన్ అడగాలి.
మామ్మ చేత వేలిముద్ర వేయించాలి.

చివరిది ఐదు నిమిషాల పని అనుకున్నాను.

నా పేరు సుమిత. మా ఇంట్లో యూనివర్సిటీకి వెళ్లిన మొదటి మనిషిని నేనే. చదివింది చరిత్ర. ఇప్పుడు కౌలా సెలంగోర్‌లో ఒక స్కూల్లో అదే చెబుతున్నాను. మా నాన్న సూరిబాబు పామాయిల్ గెలలు మోసే లారీ నడుపుతాడు.

కౌలాలంపూర్‌లోని బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఒక చిన్న సంఘం ఉంది. జపాన్ వాళ్ల కాలంలో సయాం నుంచి బర్మాకి వేసిన రైలుదారి పనికి ఇక్కడి రబ్బరు తోటల నుంచి మన కూలీల్ని వేలల్లో పట్టుకెళ్లారు. వాళ్లలో తిరిగి రానివాళ్ల పేర్లు ఒక రాతి మీద చెక్కించి గుడి ఆవరణలో నిలబెట్టాలని ఆ సంఘం పూనుకుంది. 1942లో సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది ఫిబ్రవరి పదిహేనున కాబట్టి ఆ రోజే రాయి నిలబెడతారు, పక్కన నా బోర్డులు పెడతారు. సంఘం కార్యదర్శి రాజన్ సార్, రిటైరైన హెడ్మాస్టరు. చరిత్ర డిగ్రీ ఉన్నదానివి, నువ్వు రాయకపోతే ఎవరు రాస్తారమ్మా అన్నారు. కాదనడం నాకు రాదు. పైగా ఆ రాతి మీద మా ముత్తాత పేరు కూడా ఎక్కాలి.

ముత్తాత అంటే మామ్మ కన్నమ్మకి కన్నతండ్రి. పేరు రెంగసామి. బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు తోటలో పాల కోసం చెట్లు గీసేవాడు. 1943లో జపాన్ వాళ్లు లారీ ఎక్కించి తీసుకెళ్లారు, అక్కడే జ్వరంతో పోయాడు. మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ ఇంతే. సంఘం ఇచ్చిన ఫారంలో ఇదే రాశాను. కింద, బతికున్న బిడ్డ ఉంటే ఇది నిజమని సంతకం గానీ వేలిముద్ర గానీ వెయ్యాలి. మామ్మకి ఎనభై ఎనిమిదేళ్లు. మా వైపు తోటల నుంచి వెళ్లినవాళ్ల సొంత బిడ్డల్లో మిగిలింది ఆమె ఒక్కతే.

ఆదివారం పొద్దున హాల్లో నేల మీద బోర్డులు పరిచాను. మామ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆమెకి చదవడం రాదు. బొమ్మలు చూస్తుంది.

"ఓలే గుంటా, ఈ ఎర్ర సీమల బారులేటే?" అంది.

చీమలు కావు, సైన్యం వచ్చిన దారులని చెప్పాను. 1941 డిసెంబరు ఎనిమిదిన కోతా బారులో దిగారు. జనవరి ఏడున స్లిమ్ నది దగ్గర బ్రిటిష్ వాళ్ల వరసలు తెగిపోయాయి, నాలుగు రోజులకి కౌలాలంపూర్ పోయింది, ఫిబ్రవరిలో సింగపూర్ పోయింది. మొత్తం డెబ్భై రోజులు. స్కూల్లో చెప్పినట్టే వేళ్లు మడుస్తూ చెప్పాను. ఇందులో మన తోట ఎక్కడుందని అడిగింది. మ్యాపులో వేలు పెట్టి చూపించాను. దాని పక్కనుంచి ఒక బాణం పోయింది గానీ దాన్ని తాకలేదు.

మామ్మ నవ్వింది. తమకు సైన్యం రావడం తెలీదట, తోట దొర పోవడమే తెలిసిందట. ఒక పొద్దున అందరూ హాజరుకి వెళ్లి నిలబడితే దొర లేడు, కారు లేదు. దొర కుక్క మాత్రం బంగళా మెట్ల మీద కూర్చుని ఉంది. దానికి తిండి ఎవరు పెట్టాలని కూలీల మీద మేస్త్రీలు, ఇద్దరు కంగాణీలు తగువులాడుకున్నారట. ఆవిడ చూసిన యుద్ధం అక్కడ మొదలైంది.

నాలుగో బోర్డు మిడ్‌వే. నడిసముద్రంలో జపాన్ వాళ్ల నాలుగు పెద్ద ఓడలు, విమానాలు మోసేవి, మునిగిపోయాయి. యుద్ధం మలుపు తిరిగింది ఇక్కడే అని చెప్పాను. అది 1942 జూన్ అని కూడా చెప్పాను.

"అంటే ఈలు ఓడిపోటం మొదలైనాకే మాయయ్యని తీసుకెల్లినారా?"

అవునన్నాను. నాకు బాగా తెలిసిన సంగతి అది. సముద్రం మీద ఓడలకి భద్రం లేకుండా పోయాక, బర్మాలో ఉన్న సైన్యానికి బియ్యం, తూటాలు అందాలంటే నేల మీద దారి కావాల్సి వచ్చింది. అందుకే ఆ రైలుదారికి అంత తొందర, అందుకే మన తోటల మీద పడ్డారు. ఎక్కడో ఓడలు మునిగితే ఇక్కడ మా ముత్తాత లారీ ఎక్కాడు. ఈ మాట బోర్డు మీద కూడా రాశాను. రాసినందుకు కొంచెం గర్వపడ్డాను కూడా.

ఫారం చదివి వినిపించి, సిరా డబ్బా తెరిచాను. మామ్మ బొటనవేలు గుప్పిట్లో దాచేసుకుంది.

"నీ సదువు బాగుంది గానీ తేదీ తప్పే," అంది. "మాయయ్యని నాను ఆకర్న సూసింది తెల్లోళ్లు మల్లీ వచ్చినాక."

నాకు ఏమీ అర్థం కాలేదు. జపాన్ వాళ్లు లొంగిపోయింది 1945 ఆగస్టులో. బ్రిటిష్ వాళ్లు మళ్లీ దిగింది సెప్టెంబరులో. రైలుదారి పని 1943 అక్టోబరుకే అయిపోయింది. అయిపోయిన పనికి మనిషిని రెండేళ్ల తరవాత ఎలా తీసుకెళ్తారు? మామ్మా, అది జపాన్ వాళ్ల లారీయే అయ్యుంటుంది, నువ్వు చిన్నదానివి, ఏ దొర ఏ దొరో తెలిసుండదు అన్నాను. ఏ దొర తల మీద ఏ టోపీ ఉంటుందో నాకు తెల్దేటి అంది.

ఆ వారమంతా అదే గొడవ. కాగితం మీద ఒకవైపు నా తేదీలు, ఇంకోవైపు మామ్మ గుర్తులు రాసుకున్నాను: దొర పోయిన పొద్దు, బియ్యం ఆగిపోయి కర్రపెండలం తిన్న కాలం, లారీలు వచ్చిన రోజు, తెల్లవాళ్ల జీపులు. రెండు వరసలూ చక్కగా కలిశాయి. ముత్తాత దగ్గర మాత్రం కలవలేదు. ఒకవేళ మా ముత్తాత అసలు రైలుదారికే వెళ్లలేదా? యుద్ధం తరవాత ఇక్కడ కమ్యూనిస్టులు తిరగబడ్డ ఎమర్జెన్సీ కాలంలో అడవిలోకి పోయాడా? వేరే పేరుతో ఎవరైనా వెళ్లారా? ఒక్కో రోజు ఒక్కోటి అనిపించేది. నాన్న విసుక్కున్నాడు. ముసల్దానికి పొద్దున ఇడ్లీ తిన్నదో దోసె తిన్నదో గుర్తుండదు, వేలు పట్టుకుని అద్దించెయ్ అన్నాడు. మామ్మ లోపల్నించి, ఈ పొద్దు తిన్నది ఉప్మా, అందులో ఉప్పు నేదు అని కేకేసింది.

బుధవారం పేర్లు చెక్కేవాళ్లకి వెళ్లాలని రాజన్ సార్ మెసేజ్ పెట్టారు.

మంగళవారం మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చేసరికి వాన. మామ్మ వెనక వసారాలో కూర్చుని ఎండు నెత్తళ్ల చేపల తలలు తుంచుతోంది. నేనూ పక్కన కూర్చుని తుంచడం మొదలుపెట్టాను. తేదీ అడిగి అడిగి అలిసిపోయాను. ఊరికే, ఆఖరిసారి చూసినప్పుడు నువ్వేం చేస్తున్నావు మామ్మా అన్నాను.

"నీళ్లు పడతన్నాను. ఆయన అటేపు నుంచి వచ్చినాడు."

అప్పుడు తెలిసింది నా తప్పు. ఆఖరిసారి చూడటం అంటే వెళ్లిపోవడం అనుకున్నాను నేను. ఆవిడ వారం రోజులుగా ఆయన రావడం గురించి చెబుతోంది.

ఆ తరవాత చెప్పింది మొత్తం ఆవిడ మాటల వరసలోనే చెప్తాను. లారీ ఎక్కి వెళ్లిన ఏడాదికి, అక్కడి నుంచి తప్పించుకొచ్చిన ఒకతను రెంగసామి జ్వరంతో పోయాడని చెప్పాడు. ఇంట్లో గడ్డితో బొమ్మ కట్టి, ఆయన చొక్కా తొడిగి, కాల్చి, పెద్దకర్మ చేశారు. ఇంకొన్నాళ్లకి మామ్మ తల్లి సూరమ్మకి అదే తోటలో పనిచేసే గోవిందసామితో మారుమనువు అయింది. గోవిందసామి తాతని నేను ఫొటోలో చూశాను. మా ఇంట్లో పూలదండ వేసుండేది ఆయనకే.

తెల్లవాళ్లు మళ్లీ వచ్చారు. మామ్మకి ఎనిమిదేళ్లు. పెద్దవాళ్లిద్దరూ పనికి వెళ్లారు. కూలీల ఇళ్ల వరస చివర కొళాయి దగ్గర బిందె నింపుతుంటే, గోనెసంచి చుట్టుకున్న మనిషి వచ్చి నిలబడ్డాడు. కాళ్ల నిండా పుళ్లు. సూరమ్మ ఇల్లు ఏదని అడిగాడు.

"మాదే అన్నాను. నువ్వెవురి పిల్లవమ్మా అన్నాడు. గోవిందసామి పిల్లని అన్నాను. ఆయనేనా మీయయ్య అన్నాడు. అవునన్నాను."

మామ్మ చేతులు ఆగలేదు. తల తుంచడం, గిన్నెలో వెయ్యడం.

"మంచోడేనా అన్నాడు. మంచోడే, రబ్బరు ముక్క కోసి నాకు సెప్పులు సేసినాడు అన్నాను. ఆయన నా కాళ్లకేసి సూసినాడు. నీళ్లడిగితే పోసినాను. తాగినాడు. మరేటీ అన్నేదు. వచ్చిన దారినే ఎల్లిపోనాడు."

పనినించి వచ్చిన తల్లికి ఈ సంగతి చెబితే, కుడి చెవి తమ్మె తెగి ఉందా అని అడిగింది. ఉందని చెప్పగానే, వచ్చింది రెంగసామే అంది. గోవిందసామి సైకిలు తీసి రోడ్డెక్కాడు. కౌలా సెలంగోర్ రేవు దాకా, అటు క్లాంగ్ దాకా మూడు రోజులు వెతికాడు. దొరకలేదు. ఎవరికీ చెప్పొద్దని తల్లి మామ్మ చేత ఒట్టు వేయించుకుంది. మొగుడు బతికుండగా ఇంకో తాళి కట్టించుకుందని లోకం అంటుంది కదా.

ఎనభై ఏళ్లు ఆవిడ చెప్పలేదు. వాళ్లిద్దరూ పోయాక కూడా చెప్పలేదు.

నువ్వు చిన్నపిల్లవి, నీ తప్పేముంది అన్నాను. తప్పూ ఒప్పూ నిన్నడిగినానేటి అంది. ఏ బోర్డులోనూ పట్టని ఒక సంగతి నా ముందు ఉంది, నాకు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు.

రాజన్ సార్‌కి ఫోన్ చేసి సంగతి చెప్పాను. తిరిగి రానివాళ్ల పేర్లే అని సంఘం తీర్మానం ఉందన్నారు. వెంటనే, ఇల్లు చేరలేదు కదమ్మా, పంపించెయ్, రాయి వచ్చి అడుగుతుందా అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నాన్న లారీ ఆపి వచ్చి, విని, మెట్టు మీద కూర్చున్నాడు. పేరు ఉండనీ అమ్మా, ఎక్కడో ఒకచోట ఉండాలి కదా అన్నాడు. అది కూడా నిజమే అనిపించింది నాకు. ముత్తాత వచ్చినట్టా, రానట్టా? కొళాయి దాకా వచ్చినవాడిని రాలేదని రాస్తే అబద్ధమా? ఇంట్లో కాలు పెట్టనివాడిని వచ్చాడని రాస్తే అదేమవుతుంది?

మామ్మ గిన్నె పక్కకి నెట్టింది.

"బతికుండగానే ఆయన్ని ఒకపాలి కాల్చినాం. ఇప్పుడు మల్లీ రాతి కింద పాతుతారేటి? నాను పోతే ఆయనొచ్చినాడని తెలిసినోళ్లు ఎవురుంటారే?"

లోపలికెళ్లి కొత్త ఫారం తీశాను. 1943లో తీసుకెళ్లారు, 1945 చివర్లో తిరిగి వచ్చారు, ఆ తరవాత వివరం తెలియదు. అంతే రాసి చదివి వినిపించాను. మామ్మ తనే చెయ్యి కడుక్కుని, తనే సిరాలో వేలు ముంచి, కాగితం వెనక్కి అచ్చు దిగేంత గట్టిగా అద్దింది. ఆమె వేలికి చేపల వాసన.

ఫిబ్రవరి పదిహేనున రాయి నిలబెట్టారు. దాని మీద రెండు వందల పన్నెండు పేర్లు. రెంగసామి పేరు లేదు. జనం నా బోర్డుల ముందు నిలబడి బాణాల ఫొటోలు తీసుకున్నారు, బాగా రాశావన్నారు. నేను చేసింది సరైందో కాదో నాకు ఈ రోజుకీ తెలీదు. నాన్నకీ తెలీదు.

రాతి మీద చోటు లేదు కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. రెంగసామి అని ఒక రబ్బరు తోట కూలీ ఆ రైలుదారి నుంచి బతికి వచ్చాడు. పుళ్లు పడ్డ కాళ్లతో పెళ్లాం పేరు చెప్పి ఇల్లు అడిగాడు, తన కూతురు ఇంకొకరిని అయ్య అంటే కాదనకుండా నీళ్లు తాగి వెళ్లిపోయాడు. ఆయన్ని గుర్తుపెట్టుకోండి.